జెస్యూట్లపై కుట్ర వాదాలు

జెస్యూట్లపై కుట్ర వాదాలు అనగా కాథలిక్ మతములోని యేసు సభ అను సన్యాస సంఘము ప్రపంచ రాజకీయాలను తెరవెనుక నుండి నడుపుచున్నదని, రాజులను, అధ్యక్షులను హత్య చేయించినదని, యుద్ధాలను, విప్లవాలను పుట్టించినదని చెప్పు వాదముల సముదాయము. ఈ వాదాలు 17వ శతాబ్దపు ఆరంభములో ఐరోపాలో పుట్టి, నేటికిని పుస్తకాల రూపములోను, చలనచిత్రాల రూపములోను కొనసాగుచున్నవి. తెలుగు దేశానికి, అందులోను పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతానికి ఈ విషయముతో సంబంధమేమని పాఠకులకు సందేహము కలుగవచ్చును. నాలుగు వందల సంవత్సరాలుగా ఈ ప్రాంతపు చరిత్ర జెస్యూట్ల లేఖలతోను, వారిపై అనుమానాలతోను ముడిపడి ఉన్నది. ఆ సంఘమును విడిచిన ఒక వ్యక్తి ఈ జిల్లాలోనే నలభై సంవత్సరాలు పనిచేసి ఇక్కడి మట్టిలోనే కలసిపోయినాడు.

పేరును గురించి

ఇంగ్లీషు మాటను అనుసరించి కొందరు వీటిని "కుట్ర సిద్ధాంతాలు" అని వ్రాయుచున్నారు. సిద్ధాంతమనగా పరీక్షకు నిలిచి స్థిరపడినది. ఇవి పరీక్షకు లొంగనివి. కనుక ఈ వ్యాసములో "వాదాలు" అను మాటనే వాడడమైనది. నిజమైన కుట్రలు చరిత్రలో లేకపోలేదు. అవి సామాన్యముగా పరిమితమైన ఉద్దేశముతో, కొద్దిమందితో జరిగి, ఏదో ఒక నాటికి బయటపడినవి. కుట్ర వాదము అట్లు కాదు. సాక్ష్యము దొరికితే అది కుట్రకు ఋజువు, దొరకకపోతే దానిని దాచిన నేర్పునకు ఋజువు అని అది చెప్పును.

యేసు సభ

స్పెయిన్ దేశపు బాస్క్ ప్రాంతానికి చెందిన ఇగ్నేషియస్ లయోలా స్థాపించిన ఈ సంఘమునకు 1540లో మూడవ పాల్ పోపు ఆమోదము లభించినది. బ్రహ్మచర్యము, దారిద్ర్యము, విధేయత అను మూడు వ్రతాలతో పాటు, ఎక్కడికి పంపినను వెళ్ళుదుమని పోపునకు ఇచ్చు నాలుగవ వ్రతము ఒకటి కలదు. ఇది రహస్యమేమీ కాదు, సభ నియమావళిలో అచ్చయినదే; అయినను అనుమానాలకు ఇదియే మొదటి విత్తనము. సంఘాధిపతిని జనరల్ అందురు. ఆయన నల్లని అంగీ ధరించుటచే ఆయనకు "నల్ల పోపు" అను పేరు వచ్చినది. విజయవాడలో 1953లో ప్రారంభమైన ఆంధ్ర లయోలా కళాశాల ఈ సంఘము నడుపుచున్నదే. మన రాష్ట్రములో అనేకులకు జెస్యూట్లనగా కళాశాలలే గుర్తుకు వచ్చును. ఐరోపాలో మాత్రము ఆ మాట ఒక తిట్టుగా మారి, "జెస్యూట్ వంటివాడు" అనగా మాటకు రెండర్థాలు చెప్పు కపటి అని నిఘంటువులకు సైతము ఎక్కినది.

వాదాల పుట్టుక

1605లో ఇంగ్లండు పార్లమెంటును మందుగుండుతో పేల్చివేయుటకు కొందరు కాథలిక్కులు పన్నిన కుట్ర బయటపడినది. ఇది నిజమైన కుట్ర. దానిని గురించి హెన్రీ గార్నెట్ అను జెస్యూటునకు పాపసంకీర్తన ద్వారా ముందుగా తెలిసినది. ఆ రహస్యమును వెల్లడించుట తన మతనియమమునకు విరుద్ధమని ఆయన వాదించినాడు. 1606లో ఆయనను ఉరితీసినారు. ఆయన కుట్రదారుడా, తెలిసియు చెప్పలేకపోయినవాడా అను చర్చ చరిత్రకారులలో నేటికిని ఉన్నది. సామాన్య ప్రజలకు మాత్రము ఆ చర్చతో పని లేకపోయినది. ప్రతి కుట్ర వెనుకను ఒక జెస్యూటు ఉండునన్న భావము స్థిరపడినది.

1614లో పోలండులోని క్రాకో నగరములో "మోనిటా సెక్రెటా", అనగా "రహస్య ఆదేశాలు", అను చిన్న పుస్తకము వెలువడినది. ధనవంతులైన వితంతువుల ఆస్తిని ఎట్లు రాబట్టవలెను, రాజుల ఆంతరంగికులను ఎట్లు లోబరచుకొనవలెను అను విషయాలపై జనరల్ తన అధికారులకు ఇచ్చిన ఆదేశాలుగా ఇది కనిపించును. దీనిని వ్రాసినవాడు అంతకు ముందు సంవత్సరమే సభ నుండి బహిష్కృతుడైన జెరోమ్ జాహొరోవ్‌స్కీ అని పండితుల అభిప్రాయము. విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న విషయము గమనించవలెను. బ్రన్స్‌విక్ ప్రభువు క్రిస్టియన్ పాడర్‌బోర్న్ పట్టణములోని జెస్యూట్ల కళాశాలను దోచినపుడు ఈ వ్రాతప్రతి దొరికినదని తరువాతి ముద్రణల పీఠికలు చెప్పుచున్నవి. ఆ దోపిడి జరిగినది 1622లో. పుస్తకము అప్పటికే ఎనిమిది సంవత్సరాలుగా అంగడిలో ఉన్నది! తేదీలు రెండును పక్కపక్కన పెట్టి చూచినవారికి ఇంకేమియు అక్కరలేదు. అయినను ఈ పుస్తకము అనేక భాషలలోనికి అనువాదమై, మూడు వందల సంవత్సరాలు అచ్చగుచునే వచ్చినది.

1678లో ఇంగ్లండులో టైటస్ ఓట్స్ అనునతడు, రెండవ చార్లెస్ రాజును చంపుటకు జెస్యూట్లు పథకము వేసినారని ప్రమాణము చేసి చెప్పినాడు. ఇతడును జెస్యూట్ల విద్యాలయాల నుండి వెళ్ళగొట్టబడినవాడే. ఆ అబద్ధమును నమ్మి నిర్దోషులైన ఇరవై మందికి పైగా మరణశిక్షకు గురిచేసినారు. 1685లో ఓట్స్‌పై అబద్ధ సాక్ష్యపు నేరము ఋజువైనది. చనిపోయినవారు తిరిగి రాలేదు.

పెనుకొండ రాజుల కాలము

1565లో రాక్షసి తంగడి యుద్ధము తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారినది. అరవీటి వంశపు రెండవ వేంకటపతి రాయలు మొదట పెనుకొండ నుండి, తరువాత చంద్రగిరి నుండి పాలించినాడు. 1598లో మైలాపూరు నుండి జెస్యూట్లు ఆయన కొలువునకు వచ్చినారు. రాయలు వారిని ఆదరించినాడు. వారిలోని చిత్రకారులచే చిత్రాలు వ్రాయించి చూచి ఆనందించినాడు. ఆస్థాన పండితులతో మతచర్చలు జరిగినవి.

వీరు పోర్చుగీసు వారి గూఢచారులా? ఈ ప్రశ్న న్యాయమైనదే. జెస్యూట్లు పోర్చుగీసు రాజు అండతో వచ్చినవారు, రాయలకును గోవా ప్రభుత్వమునకును నడుమ మాటలు మోసినవారు. చూచినదెల్ల తమ పైవారికి వ్రాసి పంపినవారు. అయితే వారు ఆ పనిని ముసుగు వేసుకొని చేయలేదు; దూతలుగా అందరి ఎదుటను చేసినారు. రాయలు కూడ వారివలన పోర్చుగీసు స్నేహమును కోరినాడు. ఎవరి ప్రయోజనము వారు చూచుకొన్నారు.

ఆ లేఖలే నేడు మనకు చరిత్ర ఆధారాలైనవి. 1614లో వేంకటపతి మరణించిన పిమ్మట జగ్గరాయలు కొత్త రాజైన శ్రీరంగరాయలను కుటుంబముతో సహా చెరబట్టి చంపించుట, యాచమనాయకుడు ఒక చాకలివాని సాయముతో రామదేవుడను రాకుమారుని కోట దాటించుట మనకు ఇంత వివరముగా తెలియుటకు కారణము, 1616లో మాన్యుయల్ బరాడాస్ అను జెస్యూటు వ్రాసిన లేఖ. రాబర్ట్ సూయల్ దానిని 1900లో వెలువడిన తన విజయనగర చరిత్రలో చేర్చినాడు. 1927లో "విజయనగర అరవీటి వంశము" అను ఇంగ్లీషు గ్రంథమును వెలువరించిన హెన్రీ హేరస్ కూడ జెస్యూటే; బార్సిలోనా నగరమున పుట్టి బొంబాయిలో మరణించిన పండితుడు. పెనుకొండ కోటను చూడవచ్చిన విద్యార్థులకు గైడు చెప్పు కథలలో కొంత భాగము ఈ మార్గమున వచ్చినదే. జెస్యూట్లు తమ మతమునకు అనుకూలముగా వ్రాసినారన్నది నిజము. కనుకనే హేరస్ గ్రంథమును శాసనాలతోను, తెలుగు కావ్యాలతోను, ముస్లిం చరిత్రకారుల వ్రాతలతోను సరిపోల్చి చదువవలెను.

కాషాయము, పరంగి

మన ప్రాంతములో అనుమానానికి మూలకారణము వేషము. 1606లో మధుర చేరిన రాబర్టో డి నోబిలి అను ఇటలీ జెస్యూటు, పోర్చుగీసు వారిని ప్రజలు "పరంగులు" అని అసహ్యించుకొనుట చూచి, తాను పరంగిని కానని, రోమునుండి వచ్చిన సన్యాసినని చెప్పుకొన్నాడు. కాషాయము కట్టి, మాంసము మాని, తమిళము, సంస్కృతము, నాయక రాజుల భాషయైన తెలుగు నేర్చినాడు. ఇది మోసమని మొదట ఫిర్యాదు చేసినవాడు హిందువు కాదు. అదే సభకు చెందిన, అదే ఊరిలో ఉన్న గొన్సాలో ఫెర్నాండెస్. ఆ వివాదము రోము వరకు పోయి, 1623లో నోబిలికి అనుకూలముగా తీర్పు వచ్చినది. తరువాత వచ్చిన పోపులు మనసు మార్చుకొన్నారు; 1744లో పద్నాలుగవ బెనెడిక్టు పోపు ఈ "మలబారు ఆచారాల"ను గట్టిగా కట్టడి చేసినాడు.

18వ శతాబ్దపు ఆరంభములో పుదుచ్చేరి నుండి వచ్చిన ఫ్రెంచి జెస్యూట్లు కర్ణాటక మిషను పేరుతో తెలుగు, కన్నడ సరిహద్దులలో, చిక్కబళ్ళాపురము, పుంగనూరు, వెంకటగిరి వంటి చోట్ల, సన్యాసుల రీతినే జీవించినారు. అనంతపురము ప్రాంతములోని కృష్ణాపురము వారి కేంద్రాలలో ఒకటి. ఫ్రాన్సులో అచ్చయిన వారి లేఖల సంపుటాలలో ఈ ఊర్ల పేర్లు వింత స్పెల్లింగులతో కనిపించును. వారిలో కాల్మెట్ 1730లలో వేదాల ప్రతులను సంపాదించి ఫ్రాన్సు రాజు గ్రంథాలయమునకు పంపినాడు. కర్దూ అనునతడు తెలుగు నిఘంటువు కూర్చినాడు. సంస్కృతమునకు, లాటిన్, గ్రీకు భాషలకు గల పోలికలను 1767లో పారిస్ పండితులకు వ్రాసినాడు. సర్ విలియం జోన్స్ ప్రసిద్ధమైన ఉపన్యాసము 1786 నాటిది. కాషాయము కట్టి తన దేశము పేరు దాచిన వ్యక్తిని పల్లెవాసి అనుమానించినచో అతనిని తప్పుపట్టలేము.

ఈ సందర్భములో "ఎజూర్ వేదము" కథ చెప్పవలెను. యజుర్వేదమునకు అనువాదమని ఫ్రెంచిలో ఉన్న ఒక వ్రాతప్రతి 1760లో వోల్టేరు చేతికి వచ్చినది. జెస్యూట్లకు బద్ధశత్రువైన వోల్టేరు, బైబిలు కంటె ప్రాచీనమైన ఏకేశ్వరవాదము భారతదేశములో కలదనుటకు ఇది సాక్ష్యమని సంతోషించి రాజు గ్రంథాలయమునకు ఇచ్చినాడు. 1778లో అది అచ్చయినది. అది వేదము కాదని, ఒక మిషనరీ రచన అని 1782లోనే సొనెరా అను యాత్రికుడు వ్రాసినాడు. తెలుగు, తమిళము మొదలైనవి సంస్కృత జన్యములు కావని 1816లో నిరూపించిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొరయే పుదుచ్చేరిలో దాని ప్రతులను స్వయముగా పరిశీలించినాడు. ఆయన వ్యాసము ఆయన మరణానంతరము 1822లో వెలువడినది. పుదుచ్చేరి జెస్యూట్లలో ఎవరో వ్రాసినారన్నది అందరి అభిప్రాయము, ఎవరన్నది మాత్రము తేలలేదు. లోకమును మోసగించుటకే వ్రాసినారా, మతచర్చకై సంభాషణ రూపములో వ్రాసుకొన్నది దారి తప్పినదా అన్న విషయములో పండితులు ఏకీభవించలేదు. ఏమైనను, జెస్యూట్ల రచనను నమ్మి మోసపోయినవాడు జెస్యూట్లను ఎన్నడును నమ్మని వోల్టేరు!

1773 రద్దు

1758లో పోర్చుగల్ రాజుపై హత్యాయత్నము జరిగినది. మంత్రి పొంబాల్ ఈ నేరమును తావొరా వంశీకులపైనను, జెస్యూట్లపైనను మోపి, 1759లో జెస్యూట్లను దేశమునుండి వెళ్ళగొట్టినాడు. వృద్ధుడైన మలగ్రిదా అను జెస్యూటునకు 1761లో మరణశిక్ష అమలుచేసినారు. ఫ్రాన్సు 1764లోను, స్పెయిన్ 1767లోను సభను నిషేధించినవి. చివరకు 1773లో పద్నాలుగవ క్లెమెంట్ పోపే సభను రద్దు చేసినాడు. మరుసటి సంవత్సరమే ఆయన మరణించగా, జెస్యూట్లు విషము పెట్టినారను వదంతి పుట్టినది. ప్రపంచమును ఏలుచున్నదని చెప్పబడిన సంఘము తన ప్రాణమును తాను కాపాడుకొనలేకపోయినదన్న సంగతిని ఆ వదంతిని నమ్మినవారు పట్టించుకొనలేదు. 1814లో ఏడవ పయస్ పోపు సభను పునరుద్ధరించినాడు.

లిస్బన్ నగరపు రాజకీయాల ఫలితము తెలుగు పల్లెల వరకు వచ్చినది. కర్ణాటక మిషను పారిస్ విదేశీ మిషను సంఘము చేతిలోనికి పోయినది. ఉన్న గురువులు కొద్దిమంది. హైదరాలీ, టిప్పూ సుల్తానుల యుద్ధాల కాలములో విశ్వాసులు బాప్తిస్మమునకును, పెండ్లికిని గురువు లేక సంవత్సరాల తరబడి గడిపినారు.

ఆధునిక రాజకీయాలలో

ఫ్రెంచి విప్లవము తరువాత ఒక వింత జరిగినది. సభ రద్దుతో వీధిన పడిన మాజీ జెస్యూటు బారుయెల్, ఆ విప్లవము ఫ్రీమేసనుల కుట్ర అని 1797 నుండి సంపుటాలు వ్రాసినాడు. కుట్ర వాదమునకు గురియైనవాడే మరియొక కుట్ర వాదమునకు తండ్రి అయినాడు. 1843లో పారిస్‌లో మిషెలే, కినే అను ఆచార్యులు జెస్యూట్లకు వ్యతిరేకముగా ఉపన్యసించినారు. ఆ మరుసటి సంవత్సరమే యూజీన్ స్యూ తన "సంచార యూదుడు" అను ధారావాహిక నవలలో జెస్యూటును ప్రధాన దుష్టపాత్రగా చేసినాడు. స్విట్జర్లాండు రాజ్యాంగము జెస్యూట్లను 1848లో నిషేధించి 1973లో గాని ఆ నిషేధమును తొలగించలేదు. జర్మనీ 1872లో నిషేధించి 1917లో తొలగించినది. నార్వేలో ఆ నిషేధము 1956 వరకు ఉన్నది.

ఇదే అచ్చులో పేర్లు మార్చి యూదులపై పోసినపుడు దాని ఫలితము ఘోరమైనది. 1903లో రష్యాలో వెలువడిన "యూదు పెద్దల ప్రోటోకాల్సు" అను పత్రము, 1864 నాటి ఒక ఫ్రెంచి వ్యంగ్య రచననుండి ఎత్తివ్రాసినదని 1921లో లండన్ టైమ్స్ పత్రిక పంక్తికి పంక్తి చూపినది. హిట్లరునకు అది అడ్డు కాలేదు.

అమెరికాలో లింకన్ హత్య (1865) జెస్యూట్ల పని అని మాజీ గురువైన చార్లెస్ చినికీ 1880లలో తన గ్రంథములో వ్రాసినాడు. లింకన్ 1856లో ఇతనికి న్యాయవాదిగా ఉండినమాట నిజము. హత్యాకుట్రలో ఉరితీయబడిన మేరీ సరట్ కాథలిక్ అన్నదియు, ఆమె కుమారుడు పారిపోయి పోపు సైన్యములో చేరినదియు నిజము. అతనిని పట్టి ఇచ్చుటకు ఉత్తరువు చేసినది పోపు ప్రభుత్వమే అన్నది మాత్రము ఈ కథ చెప్పువారు విడిచిపెట్టుదురు. ఇట్లు రెండు నిజాల నడుమ ఒక అబద్ధమును కూర్చుండబెట్టుట కుట్ర వాదాల సామాన్య లక్షణము.

1913 నాటి మరియొక ఉదాహరణ తరగతి గదిలో చెప్పదగినది. జెస్యూట్ల రహస్య ప్రమాణమని పూర్వము ప్రచారములో ఉన్న ఒక రక్తదాహపు ప్రతిజ్ఞను, "నైట్స్ ఆఫ్ కొలంబస్" అను కాథలిక్ గృహస్థుల సంఘము పేరుతో పెన్సిల్వేనియాలో ఒక ఎన్నికలో పంచిపెట్టినారు. ఓడిన అభ్యర్థి, తనపై జరిగిన దుష్ప్రచారమునకు నమూనాగా ఆ కాగితమును అమెరికా కాంగ్రెసు ముందుంచినాడు. ఆ విధముగా అది కాంగ్రెసు రికార్డులో అచ్చయినది. అంతటితో "అమెరికా ప్రభుత్వ రికార్డులోనే ఉన్నది చూడండి" అను కొత్త వాదము పుట్టి ఇంటర్నెట్టు యుగము వరకు వచ్చినది. ఫలానా చోట అచ్చయినదనుట వేరు, ఎందుకు అచ్చయినదనుట వేరు.

హిట్లరును సృష్టించినది జెస్యూట్లే అని వ్రాసిన పుస్తకాలును కలవు. ఆల్ఫ్రెడ్ డెల్ప్ అను జెస్యూటును నాజీలు 1945 ఫిబ్రవరిలో ఉరితీసినారని చెప్పిన చాలును.

2013లో తొలిసారిగా ఒక జెస్యూటు, ఫ్రాన్సిస్ పేరుతో, పోపు అయినప్పుడు నల్ల పోపు, తెల్ల పోపు ఒకటైనారని కొత్త కథలు వచ్చినవి. ఆయన 2025 ఏప్రిల్‌లో మరణించగా, ఆయన స్థానములో అగస్టీనియన్ సంఘమునకు చెందిన పద్నాలుగవ లియో ఎన్నికైనాడు.

జెస్యూట్లతో పాటు "ఓపస్ దేయి" అను సంస్థపైనను ఇట్టి వాదాలు కలవు. 2003 నాటి "డావిన్సీ కోడ్" నవలలో హంతకుడు ఆ సంస్థ సన్యాసి. నిజానికి ఆ సంస్థ సన్యాస సంఘము కాదు, దానిలో సన్యాసులే లేరు. ఆ నవల ఆధారముగా తీసిన చలనచిత్రమును 2006 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించగా, పంపిణీదారులు హైకోర్టుకు వెళ్ళినారు. సెన్సారు బోర్డు అనుమతించిన చిత్రమును ఇట్లు నిషేధించుట చెల్లదని న్యాయస్థానము ఆ నెలలోనే ఉత్తరువును కొట్టివేసినది. కల్పిత కథకు జవాబు నిషేధము కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము కూడ.

స్వతంత్ర భారతదేశములో

మన దేశములో అనుమానపు రూపము వేరు. ఇక్కడ ప్రశ్న విదేశీ ధనము, మతమార్పిడి, గూఢచర్యము. మధ్యప్రదేశ్ ప్రభుత్వము 1954లో నియమించిన నియోగి సంఘము 1956లో ఇచ్చిన నివేదిక మిషనరీల పనిలో రాజకీయ ఉద్దేశాలను చూచినది. క్రైస్తవ సంఘాలు ఆ నివేదికను ఖండించినవి. 1967లో అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఏ. అనేక ధర్మసంస్థల ద్వారా విద్యార్థి సంఘాలకు డబ్బు పంపినదని అమెరికా పత్రికలే బయటపెట్టినవి. 1970లలో ఆ దేశపు సెనేటు విచారణలో మతగురువులను కూడ ఆ సంస్థ కొన్ని చోట్ల వాడుకొన్నట్లు తేలినది. 1976లో ఇకముందు అమెరికా మిషనరీలను వాడబోమని అది ప్రకటించినది. అదే సంవత్సరము మన దేశములో విదేశీ విరాళాల నియంత్రణ చట్టము వచ్చినది. 2010లో దాని స్థానములో కొత్త చట్టము చేసినారు. కనుక 1960లు, 70లలో ఒక విదేశీ గురువును చూచి ప్రశ్నించినవారు అందరును అవివేకులని చెప్పరాదు. ప్రశ్నకు జవాబు లెక్కలలో వెదకవలెను గాని వదంతులలో కాదు.

ఇటీవలి కాలములో జార్ఖండ్‌లో ఆదివాసుల నడుమ పనిచేసిన జెస్యూటు స్టాన్ స్వామిని ఎల్గార్ పరిషత్ కేసులో మావోయిస్టు కుట్ర ఆరోపణపై 2020 అక్టోబరులో జాతీయ దర్యాప్తు సంస్థ నిర్బంధించినది. ఇదే కేసులో తెలుగు కవి వరవరరావు కూడ నిందితుడు. స్వామి 84 సంవత్సరాల వయస్సులో, 2021 జూలై 5న, విచారణ జరుగకయే మరణించినాడు. ఆయన కంప్యూటరులోనికి బయటివారు పత్రాలను చొప్పించినారని ఆయన న్యాయవాదుల తరఫున పరీక్షించిన అమెరికా సంస్థ 2022లో చెప్పినది. ఆరోపణ నిజమో కాదో ఏ న్యాయస్థానమును తేల్చలేదు.

విన్సెంట్ ఫెర్రర్

ఈ ప్రాంతములో జెస్యూట్లను గూర్చిన అనుమానము ఒక వ్యక్తి రూపము దాల్చినదన్నచో అది విన్సెంట్ ఫెర్రర్ (1920-2009) విషయములోనే. హేరస్ వలెనే ఈయనయు బార్సిలోనాలో పుట్టినవాడు. స్పెయిన్ అంతర్యుద్ధములో రిపబ్లిక్ పక్షమున సైనికుడిగా ఉండి, 1944లో యేసు సభలో చేరి, 1952లో బొంబాయి వచ్చినాడు. నాసిక్ జిల్లా మన్మాడ్‌లో చిన్న రైతులు తమ బావులు తామే త్రవ్వుకొనునట్లు ధాన్యము, నూనె ఇచ్చి ప్రోత్సహించినాడు. బీదవారు ఇట్లు కూడుకొనుట అక్కడి పెద్దలకు, నాయకులకు నచ్చలేదు. మతమార్పిడి ఆరోపణలు వచ్చినవి. 1968లో దేశము విడిచి పొమ్మని ఉత్తరువు వెలువడినది. దానికి నిరసనగా ముప్పై వేల మంది రైతులు మన్మాడ్ నుండి బొంబాయికి సుమారు 250 కిలోమీటర్లు నడిచినారు. అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ జోక్యముతో, కొంతకాలము విదేశము వెళ్ళి తిరిగి రావచ్చునని రాజీ కుదిరినది.

1969లో తిరిగి వచ్చిన ఆయన ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురము చేరినాడు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురిసి, వేరుశనగపైనే ఆధారపడిన జిల్లా ఇది. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును (జనుల మాటలో ఆర్.డి.టి.) స్థాపించినాడు. 1970లో యేసు సభను విడిచి, బ్రిటిష్ పత్రికా రచయిత్రి అన్నే పెర్రీని వివాహమాడినాడు. సభ ఆయనను గూఢచారిగా పంపినదని నమ్మువారికి ఈ సంగతి పెద్ద అడ్డంకి. అయితే కుట్ర వాదమునకు అడ్డంకులుండవు. సభను విడుచుట కూడ నటన అనవచ్చును. జనులు ఆయనను చివరి వరకు "ఫాదర్" అనియే పిలిచినారు. ఆ పిలుపును కూడ కొందరు ఋజువుగా చూపుట ఈ వ్యాసకర్త ఉపాధ్యాయుల గదిలో స్వయముగా విన్నదే. ఊరిలో అందరు "దొర" అని పిలిచినంతలో ఒకడు కలెక్టరు కాడుగదా!

ఆరోపణలలో మతమార్పిడి ముఖ్యమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారము అనంతపురము జిల్లాలో క్రైస్తవులు నూటికి ఒకరి కంటె తక్కువ. నలభై సంవత్సరాలు జిల్లా అంతటా పనిచేసిన సంస్థ ప్రధానోద్దేశము మతమార్పిడియే అయినచో ఆ సంఖ్య వేరుగా ఉండవలెను. దీనికి ప్రతివాదము కలదు: 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తరువు ప్రకారము క్రైస్తవము స్వీకరించిన దళితునకు రిజర్వేషను ఉండదు గనుక, మారినవారును హిందువులని వ్రాయించుకొందురని. ఈ మాటలో కొంత నిజమున్నది, మన రాష్ట్రములో అట్టివారు కలరు. అయితే అది రాష్ట్రమంతటికి వర్తించు విషయము.  దానిని బట్టి ఒక సంస్థపై నేరము ఋజువు కాదు.

విదేశీ ధనము మాట నిజమే. స్పెయిన్‌లోని వేలాది కుటుంబాలు నెలనెలా పంపు చిన్న మొత్తాలే ఆర్.డి.టి. ఆదాయములో పెద్ద భాగము. ఆ ధనము ఏమైనదో చూచుట కష్టము కాదు. బావులు, చెక్‌డ్యాములు, పక్కా ఇళ్ళు, దళితవాడలలో బడులు, కళ్యాణదుర్గము, కణేకల్లు ఆసుపత్రులు, అనంతపురములోని క్రీడా గ్రామము ఎదురుగా ఉన్నవి. వీటిలో ధర్మవరము సమీపమున బత్తలపల్లిలోని ఆసుపత్రి పెద్దది. ధర్మవరపు మగ్గాల వారును, పెనుకొండ, హిందూపురం వైపు పల్లెల వారును కాన్పులకు, శస్త్రచికిత్సలకు అక్కడికి వచ్చుట సామాన్యము. ఆర్.డి.టి.పై చేయదగిన విమర్శలు లేకపోలేదు. ప్రభుత్వము చేయవలసిన పనిని విదేశీ దాతలపై వదలివేయుట మంచిదా, గ్రామములో ఎవరికి ఇల్లు, ఎవరికి కాదు అని నిర్ణయించు అధికారము ఒక సంస్థకు ఉండవచ్చునా, ఇవి చర్చించదగిన ప్రశ్నలు. గూఢచర్యపు కథలు చెప్పువారు ఈ ప్రశ్నలను అడుగరు.

ఫెర్రర్ 1998లో స్పెయిన్ వారి ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియస్ బహుమానమును అందుకొన్నాడు. 2009 జూన్ 19న అనంతపురములో మరణించగా, ఆయన దేహమును బత్తలపల్లిలో ఖననము చేసినారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో బత్తలపల్లి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. 2025లో ఆర్.డి.టి.కి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ కాకపోవుటతో రెండు జిల్లాలలోను నిరసనలు జరిగినవి. పరస్పరము పోరాడుకొను పార్టీల నాయకులు కూడ అనుమతి ఇమ్మని కోరినారు. 1968లో మన్మాడ్ రైతులు నడచినట్లే, ఇక్కడి పల్లెల వారును ఆ కోర్కెతో రోడ్డెక్కినారు.